వినయం నేర్చిన కంప్యూటర్

"పూసల చట్రంతో లెక్క మొదలుపెట్టిన మానవుడు గదంత యంత్రాలూ, చిల్లుల కార్డులూ, ఫ్లాపీలూ దాటుకుని ఈనాడు మన కుసునోమి టౌన్ ఆఫీసుకి చేరుకున్నాడు! కంప్యూటర్ ముందు పెద్దా చిన్నా లేదు! కాగితాలకిక సెలవు!" అని మేయర్ ఇవాదరే గారు ప్రకటించారు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు గుమాస్తా ఉదగావా. కొట్టడా మరి! ఈ కంప్యూటర్ పని గట్టెక్కిస్తే సెక్షన్ ఆఫీసర్ అవుతాడు. బెడిసికొడితే కొండమీది చెత్త విభాగానికి బదిలీ.

కంప్యూటర్ కంపెనీ నుంచి వచ్చిన నెబాషి అనే అమ్మాయి మీట నొక్కింది. తెరమీద ఒక ఫైలు, దాని కింద సంతకాలకి బదులు అందరూ వేసే ఎర్రటి ముద్రలూ వరసగా కనిపించాయి. మేయర్ గారి మొహం మాడిపోయింది.

"ఏమయ్యా ఉదగావా! నా ముద్ర పక్కన నీ ముద్ర కర్రలా నిలబడిందేం?"

ఆ ఆఫీసులో కిందివాడు తన ముద్రని పైవాడి ముద్ర వైపు ఒరిగించి వేస్తాడు, వంగి నమస్కరించినట్టు. పాపం యంత్రానికి ఆ మర్యాదేం తెలుసు!

"ఏమ్మా, దీన్ని కాస్త వంచొచ్చా?" అని ఉదగావా నెబాషి చెవిలో గొణిగాడు.

"దానికేం భాగ్యమండీ! ఎవరు పెద్దో చూసుకుని అదే వంచేస్తుంది."

గదంత యంత్రం జేబులో పట్టడానికి దశాబ్దాలు పట్టింది. వంగడం నేర్వడానికి కుసునోమిలో వారం చాలింది!

ప్రారంభోత్సవానికి ఊరి పెద్దలంతా వచ్చారు. మొదటి ఫైలు తెరిచారు. ఉదగావా ముద్ర వంగింది. మేయర్ గారి ముద్ర కూడా వంగింది, అదీ ముక్కు నేలకి తగిలేట్టు, యంత్రం అమర్చిన మనిషిగా వేసిన నెబాషి ముద్ర ముందు!

"ఈ పిల్లకి నేను వంగాలా?" మేయర్ గారు గర్జించారు.

"నేనేం చెయ్యనండీ! పాస్‌వర్డ్ నా దగ్గరుంది. ఎవరి దగ్గరుంటే వాళ్లే పెద్దని దాని లెక్క."

"అయితే నాకిచ్చెయ్! నాకొక్కడికే!"

"కొత్తది మీరే పెట్టుకోండి. మరిచిపోతే మాత్రం నేను కూడా తెరవలేను."

"నాకు మతిమరుపా?"

మేయర్ గారు కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే ఆయన ముద్ర నిటారుగా లేచింది. బతుకు జీవుడా అనుకున్నాడు ఉదగావా. మేయర్ గారు పొంగిపోయి, అతని ప్రమోషన్ ఆర్డర్ అప్పటికప్పుడే కంప్యూటర్‌లో పెట్టించారు. సోమవారం ఆమోదిస్తానన్నారు.

సోమవారం పొద్దున్న మేయర్ గారు చాలాసేపు తెరకేసి చూశారు. ఏవేవో నొక్కారు. తర్వాత లేచి, గొంతు సవరించుకున్నారు.

"కాగితం మన సంస్కృతి! యంత్రాలకి బానిసలం కాలేం!"

మళ్లీ చప్పట్లు! ఉదగావా చప్పట్లు ఆపి దగ్గరికెళ్లాడు.

"అయ్యా, నా ప్రమోషన్ కూడా కాగితం మీద..."

"ఒకే మనిషికి రెండు ఆర్డర్లా? రూలొప్పదయ్యా!" మేయర్ గారు అతని భుజం తట్టారు. "నీదెక్కడికీ పోదులే, కంప్యూటర్‌లో భద్రంగా ఉంది!"