తోకల స్టాంపులు

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు మీసానికి నల్లరంగు వేసుకున్నారు. స్టాంపుల సంఘం ఆ రోజు వాళ్ళింట్లోనే కూడుతోంది. నకిలీలు పట్టే పరీక్షకుడి పదవి ఎవరిదో అక్కడే తేలిపోతుంది. ఆ పదవి కోసం ఆయన ఎన్నాళ్ళుగానో అర్రులు చాస్తున్నారు.

"ఆరనివ్వండి. అప్పుడే భూతద్దం ముట్టుకోకండి," అంది భార్య.

"నువ్వూరుకోవే," అని మాస్టారు మీసం మెలేసి, అదే చేత్తో భూతద్దం తీశారు. చెబితే వినడం ఆయన జాతకంలోనే లేదు.

డెంటిస్టు, టైలరు, ఆడిటరు వచ్చి కూర్చున్నారు. ముందుగా డెంటిస్టు తన పాత స్టాంపు గర్వంగా బల్ల మీద పెట్టాడు. ధర మారినప్పుడు దాని బొమ్మ మీద నల్ల అక్షరాలు అచ్చొత్తారు. ఓవర్‌ప్రింటు అంటే అదే. ఆ అక్షరాలుంటేనే స్టాంపుకి గిరాకీ కాబట్టి, దొంగలు మామూలు స్టాంపుల మీద కూడా వాటిని గుద్దేస్తుంటారు.

మాస్టారు వంగి చూసి పెదవి విరిచారు. "చివరి అక్షరానికి తోకుంది. ప్రభుత్వం వారి అచ్చులో తోక లేదు. స్టాంపు అసలుదే డాక్టరుగారూ, నలుపే తరవాత వేసింది."

డెంటిస్టు మొహం మాడిపోయింది. "ఇది నాకిచ్చింది ఈ టైలరేనండీ!"

"అయితే నాదీ చూడండి," అని టైలరు తనది ముందుకు తోశాడు. దానికీ తోకే. ఆడిటరుదానికీ తోకే.

"ఒకే తోక! ఒకే దొంగ!" మాస్టారు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డారు. "వాడు ఈ గదిలోనే ఉన్నాడు!"

ఇంకేముంది, గది సంతైపోయింది.

"నా ప్యాంటు పొట్టిగా కుట్టినప్పుడే అనుకున్నా నీ సంగతి!" అన్నాడు డెంటిస్టు.

"మంచి పన్ను పీకి పుచ్చుపన్ను వదిలేసినోడివి, నువ్వా మాట్లాడేది?" అన్నాడు టైలరు.

ఆడిటరు పోలీసుల్ని పిలుద్దామన్నాడు. మాస్టారు నంబరు కోసం భూతద్దంతో ఫోను పుస్తకం చూసి ఆగిపోయారు. నంబరుకీ తోకుంది. అనుమానమొచ్చి అద్దం ఎత్తి చూస్తే డెంటిస్టు ముక్కుకీ ఉంది.

టీ తెచ్చిన భార్య భూతద్దం లాక్కుని తుడిచింది. వేలికి నల్లరంగు అంటింది. నలుగురూ మాస్టారి వైపు చూశారు. అప్పటికే చెమటకి సగం మీసం తెల్లబడింది. పాపం, ఆయనకి తల కొట్టేసినట్టయింది.

సంఘం అప్పటికప్పుడే కొత్త పరీక్షకురాలిగా ఆవిడని ఎన్నుకుంది. ఆవిడ శుభ్రమైన భూతద్దంతో మాస్టారి మొహాన్ని తీరిగ్గా పరిశీలించి తొలి తీర్పు చెప్పింది.

"మీసం అసలుదే. నలుపే తరవాత వేసింది."