తుఫాను హెచ్చరిక తర్వాత పాట

ఆ ఉదయం గంగులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకి వీధి జనాన్నంతా తన వాకిట్లో కూచోబెట్టాలి. కొత్త రేడియో పెట్టాలి. అందులో భార్య లక్ష్మణమ్మ పాట వినిపించాలి. విన్నాక తన అక్క జగ్గమ్మ ముఖం ఎలా మారుతుందో కళ్ళారా చూడాలి. ఈ చివరి ముక్క తలుచుకునే ఆయనకి ముందురోజు నుంచి అన్నం సహించడం లేదు.

కళింగపట్నం దాటాక వచ్చే ఆ చిన్న చేపల రేవులో లక్ష్మణమ్మ పాట సంగతి తెలియనివాళ్ళు లేరు. పాట విన్నవాళ్ళే లేరు. ముప్పై రెండేళ్ళ కిందట, ఆమె కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో, విశాఖపట్నం రేడియోవాళ్ళు జీపెక్కించి తీసుకెళ్ళి పడవపాట పాడించారు. అది ప్రసారమయ్యే రోజున ఊరంతా పంచాయతీ రేడియో ముందు చేరింది. "ఇప్పుడు లక్ష్మణమ్మ పాడిన పడవపాట" అని చెప్పారో లేదో, మధ్యలో ఆపి తుఫాను హెచ్చరిక చదివారు. అంతే, పడవలు పైకి లాగడానికి జనం రేవుకి పరుగు తీశారు. లక్ష్మణమ్మా పరుగు తీసింది. హెచ్చరిక అయ్యాక పాట వేసే ఉంటారు గానీ, అప్పటికి రేడియో ముందు మిగిలింది ఒక మేక.

"రేడియోలో పాడిందట! ఎవలు ఇన్నార్రా? ఆ మేకనే అడగాల," అని జగ్గమ్మ అప్పటినుంచి అంటూనే ఉంది. పెళ్ళిలో అంది, పురిట్లో అంది, చేపల గంప దించుతూ అంది. లక్ష్మణమ్మ మొదట్లో పోట్లాడేది. తర్వాత నవ్వేసి ఊరుకునేది. ఈ మధ్య ఒకరోజు వల బాగుచేస్తూ, "నిజింగా ఏసినారంటావా? నేకపోతే నన్ను ఊరికే పాడించి పంపించీసినారేటి?" అని మొగుణ్ణి అడిగింది. తన పాట మీద తనకే అనుమానం వచ్చేసిందన్నమాట.

దేవుడు జగన్నాధం మాస్టారి రూపంలో వచ్చాడు. కోటబొమ్మాళిలో ఉండే ఆ రిటైరైన మాస్టారికి రేడియోలో వచ్చే పల్లెపాటలు క్యాసెట్లలోకి ఎక్కించి దాచుకునే అలవాటు ఉండేది. ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక క్యాసెట్ మీద లక్ష్మణమ్మ పేరు కనబడింది. తమ ఇంటికి చేపలు తెచ్చే మనిషే కదా అని, శ్రీకాకుళంలో దాన్ని సీడీగా చేయించి గంగులు చేతిలో పెట్టాడు. "మొదట్లో ఏవో మాటలున్నాయి. పాట తర్వాత వస్తుంది," అని కూడా చెప్పాడు. పాట ఉందన్న ఆనందంలో గంగులు మిగతాది వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నమే అరసవల్లి వెళ్ళి సీడీ, రేడియో రెండూ ఉన్న పెట్టె కొన్నాడు. పైన పట్టుకోవడానికి పిడి, పక్కన గొంతు పెంచే మర, కరెంటు లేకపోతే లావుపాటి ఆరు బ్యాటరీలు. కొట్టుమనిషి గణపతిరావు "సీడీ ఏసి సూపించీమంటావా?" అని అడిగితే, "వద్దు బాబూ, మా ఇంటిదాని పాట. అదే ముందు ఇనాల," అన్నాడు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. సీడీ అంటే జగ్గమ్మ ఒప్పుకోదు. "సీడీలో ఎవలి గొంతయినా ఎక్కించీగలరు," అని తేల్చేస్తుంది. అందుకని గంగులు చిన్న అబద్ధం ఆడాడు. "పాత పాటలు రేడియోలో మళ్ళీ ఏస్తన్నారు. రేపు పదకొండు గంటలకి మా లక్ష్మణమ్మది వస్తాది," అని వీధి వీధంతా చెప్పాడు. భార్యకీ అదే చెప్పాడు.

పదకొండయ్యేసరికి వాకిలి నిండిపోయింది. లక్ష్మణమ్మ రేడియోలో కనబడబోతున్నట్టు తలకి నూనె రాసి, కొత్త చీర కట్టుకుంది. జగ్గమ్మ అందరికంటే ముందు కూచుంది. గంగులు జనానికి వీపు పెట్టి, ఎవరికీ తెలియకుండా మూత తీసి సీడీ పెట్టి బొత్తం నొక్కాడు.

"ఇప్పుడు లక్ష్మణమ్మ పాడిన పడవపాట," అంది పెట్టె.

లక్ష్మణమ్మ కొంగు సర్దుకుంది. జగ్గమ్మ నోరు తెరిచింది. గంగులు మీసం మీద చెయ్యి వేశాడు.

"ఒక ముఖ్య ప్రకటన. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారింది. కళింగపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేయడమైనది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు..."

"ఓలమ్మ! తుఫాను!" అంటూ మొట్టమొదట లేచింది లక్ష్మణమ్మే. కొత్త చీర మోకాళ్ళ దాకా ఎగదోపి రేవుకేసి పరుగెత్తింది. ఆమె వెనక వాకిలంతా లేచింది. "ఆగండర్రా!" అన్నాడు గంగులు. ఇది సీడీ అని చెబితే పాట పోతుంది, చెప్పకపోతే ఊరు పోతుంది. రెండింటి మధ్యా ఊగుతుండగానే ఎవరో రెక్క పట్టుకుని లాక్కుపోయారు.

ఆకాశం అద్దంలా ఉంది. "సూసినావా, గాలి కూడా నేదు. పెద్ద తుఫానుకి ముందర ఇలాగే ఉంటాది," అని ముసలి లక్ష్ముడు అనేసరికి మిగిలిన అనుమానమూ పోయింది. పద్నాలుగు పడవలు సరుగుడు తోట దాకా లాగారు. పక్కింటి శివాజీ సముద్రంలో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తే, ఆ తమ్ముడు వల కోసేసి ఒడ్డుకి వచ్చేశాడు. చేపల కోసం ఐసుతో కాచుకున్న సాలూరు లారీవాడు జనాన్ని చూసి, ఒక్క చేపా ఎక్కించుకోకుండా ఐసుతోనే పారిపోయాడు. పక్క రేవులకీ ఫోన్లు వెళ్ళాయి. బడి వదిలేశారు. ఇంత జరుగుతుంటే గంగులు తాడు పట్టుకుని అందరికంటే గట్టిగా లాగుతున్నాడు. చెమటతో పాటు ఆ అబద్ధం కూడా కారిపోతే బాగుణ్ణనిపించింది పాపం.

మోటారుసైకిలు మీద వీఆర్వో రమేష్‌బాబు రొప్పుతూ దిగాడు. "ఏమయ్యా, మా ఆఫీసుకి తెలియని తుఫాను మీకెలా తెలిసింది? మూడు ఊళ్ళనుంచి నాకు ఫోన్లు!"

"రేడియో సెప్పినాది బాబూ."

"ఏ రేడియో?"

అందరూ గంగులు వైపు తిరిగారు.

ఊరంతా ఊరేగింపుగా ఆయన వాకిట్లోకి తిరిగి వచ్చేసరికి సీడీ ఆడి ఆగిపోయింది. పెట్టె ముందు ఒక మేక నిలబడి తీరిగ్గా నెమరువేస్తోంది. ఆ పాత మేకకీ దీనికీ చుట్టరికం ఉందో లేదో గానీ, పాట మాత్రం మళ్ళీ మేకకే దక్కింది.

"రేడియో కాదర్రా. సీడీ. ఆ హెచ్చరిక ముప్పై రెండేళ్ళ నాటిది," అని గంగులు తల దించుకుని ఒప్పుకున్నాడు.

వాకిలి అదిరిపోయింది. "మా తమ్ముడు వల కోసీసి ఒచ్చీసినాడు మావా! ఏటి సేసినావు నువ్వు!" అని శివాజీ మీదికొచ్చాడు. "ఆ వల నాను నేసిస్తానురా," అన్నాడు గంగులు. రమేష్‌బాబు గంగులు పేరూ, ఆయన తండ్రి పేరూ రాసుకోవడం మొదలుపెట్టాడు. లక్ష్మణమ్మ ఇసక అంటిన చీరతో గుమ్మంలో కూలబడి, "ఒగ్గీయండి. నా పాటకి రాత నేదు," అంది.

అప్పుడు జగ్గమ్మ గొంతు లేచింది. "నోర్ముయ్యండర్రా అందరూ! ఒరే గంగులూ, మళ్ళీ ఎయ్యి. ఇది పాడిందో నేదో ఇవాళ తేలిపోవాల."

గంగులు బొత్తం నొక్కాడు. మళ్ళీ అదే ప్రకటన, అదే వాయుగుండం, అదే మూడవ నంబరు. ఈసారి ఎవరూ కదల్లేదు. ముసలివాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆ రోజు మీ బావ నా ఎనకాల తాడట్టుకున్నాడు," అంది జగ్గమ్మ గంగులుతో నెమ్మదిగా. "మా అయ్య కూడా ఉన్నాడు," అన్నాడు లక్ష్ముడు. ఆ రోజు పడవలు లాగిన చేతుల్లో సగం ఇప్పుడు లేవు. శివాజీ కోపం ఎటు పోయిందో గానీ వచ్చి నేలమీద కూచున్నాడు.

పాట మొదలైంది. "తెడ్డెయ్యి మావా తెడ్డెయ్యి, నీ కూడు కుండలో సల్లారకముందే..." సన్నటి గొంతు, కాస్త భయం, కాస్త గీర. రెండో చరణానికి ముందు ఎవరో ముక్కు గట్టిగా ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"ఇది లక్ష్మణమ్మే!" అని జగ్గమ్మ తొడ చరిచింది. "పాట మద్దెన ముక్కెగబీల్సడం దీనికి ఇప్పటికీ పోనేదు! పాడినాదర్రా, నిజింగానే పాడినాది!"

లక్ష్మణమ్మ కళ్ళు తుడుచుకుంది. ముప్పై రెండేళ్ళు చేపలు కేకేసి అమ్మిన గొంతుతో, "నా గొంతు ఇంత సన్నంగా ఉండీదా?" అని మొగుణ్ణి అడిగింది. ఆ గొంతు గంగులుకి బాగా గుర్తు. జగ్గమ్మ ముఖం చూడాలనుకున్న సంగతే మర్చిపోయి, పెళ్ళాం ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. రమేష్‌బాబు రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అదే వాకిట్లో, అదే పెట్టెలోంచి, అదే మూడో నంబరు ప్రమాద సూచిక వినబడింది. రేవుకి పరుగెత్తాల్సిన జనం తాపీగా వచ్చి చుట్టూ చేరారు.

"గోల సెయ్యకండర్రా, దీని ఎనకాల పాటొస్తాది," అంటూ జగ్గమ్మ చాప పరుచుకుంది.

పెట్టె ఇంకా హెచ్చరిక చదువుతుండగానే గంగులు మూత తీసి అందరికీ చూపించాడు. సీడీ లోపల లేదు, లక్ష్మణమ్మ పెళ్ళిచీర మడతల్లో ఉంది.