గాడిద గుడ్డు

నవ్వనంటే చెబుతాను. సరే, నవ్వినా చెబుతాను. ఎలాగూ మా ఆవిడ ఈపాటికి మీ ఆవిడలందరికీ చెప్పేసే ఉంటుంది.

చాక్లెట్ గుడ్లు తెలుసుగా? పైన రంగు కాగితం, లోపల చాక్లెట్ పెంకు, దాని లోపల డబ్బీలో ఓ బొమ్మ. మా బుజ్జిదానికి బొమ్మంటే ప్రాణం, చాక్లెట్ అంటే చిరాకు. నాది సరిగ్గా దానికి తలకిందులు. కానీ నాకు షుగరు. తీపి తగ్గించమని డాక్టరుగారు అన్న మాటని మా ఆవిడ చట్టం చేసి పారేసింది. దయతలచి కాఫీలో ఒక్క చెంచా చక్కెర మాత్రం వదిలింది.

"ఇంకెక్కడైనా తీపి ముట్టారని తెలిసిందో, ఆ చెంచా కూడా బంద్!"

నేను ఆ చెంచా మీదే బతుకుతున్నాను.

బుజ్జిదాని దగ్గర ఆ గుడ్లలో వచ్చే జంతువులన్నీ ఉన్నాయి, ఒక్క తలాడించే గాడిద తప్ప. రోజూ నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "నాన్నా, గాడిద గుడ్డు తెస్తావా?" అనేది.

"తెస్తారమ్మా. మీ నాన్న చెప్పేవన్నీ అవేగా," అనేది మా ఆవిడ వంటింట్లోంచి.

నాది గడియారాల మరమ్మతు. మొన్న సాయంత్రం షాపు మూసే ముందు తీపి కోసం నాలుక పీకేసింది. పక్క కొట్లో ఓ గుడ్డు కొని, బల్ల కిందికి తల దూర్చి గుటుక్కుమనిపించాను. డబ్బీ పారేయబోతూ విప్పి చూద్దును కదా, గాడిద!

గుడ్లు తేలేశాను. గాడిదనిస్తే, చాక్లెట్ ఏదని మా ఆవిడ అడుగుతుంది. ఇవ్వకపోతే పిల్ల రేపు మళ్ళీ గుమ్మంలో నిలబడుతుంది. ఆ మొహం చూస్తూ దొరకలేదని చెప్పడం నా వల్ల కాదు.

ఇంకో గుడ్డు కొని, అందులో బొమ్మ తీసేసి, గాడిదని పెట్టి అతికించేస్తే సరి. గడియారాలు విప్పి బిగించే చేతులకి గుడ్డొక లెక్కా?

లెక్కే. మొదటిది చేతిలోనే పొడైపోయింది. సాక్ష్యం మిగలకూడదు కదా, తినేశాను. రెండోది దీపం సెగకి కారిపోయింది. అదీ నాకేశాను. మళ్ళీ వెళితే కొట్టాయన, "ఇంట్లో పుట్టినరోజా అండీ?" అని అడిగాడు.

ఆఖరిది దారికొచ్చింది. అంచులు వేడి సూదితో అతికించే ముందు గాడిదని ఓసారి పరీక్షించాను. మెడ బిగుసుకుపోయి ఉంది. వృత్తి ధర్మం ఊరుకుంటుందా? కీలులో ఓ చుక్క నూనె వేశాను. ఇక ఊపిరి తగిలితే చాలు, తలాడిస్తోంది.

ఇంటికి రాగానే బుజ్జిది గుడ్డు విప్పింది.

"అమ్మా! నాన్న నిజంగానే గాడిద గుడ్డు తెచ్చాడు!" అంటూ నా మెడకి చుట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

మా ఆవిడ గాడిదని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏవండీ, దీనికి మీ చొక్కా వాసనొస్తోందేం?"

"ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా."

"అది వచ్చి ఐదు నిమిషాలు కాలేదు. ఇది గడియారం నూనె."

"కంపెనీ వాళ్ళు వేసుంటారు."

"కుందేలుకి వేయలేదే? దాని తల తిరక్క పిల్ల ఎంత ఏడ్చింది!"

"గాడిద కదా, కాస్త ప్రత్యేకంగా..."

"మీ మీసానికి చాక్లెట్ పూసింది కూడా కంపెనీ వాళ్ళేనా?"

నా చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. మీసానికి ఏమీ లేదు. మా ఆవిడ నవ్వింది.

ఈలోగా బుజ్జిది నా జేబులో చెయ్యి పెట్టి, "అమ్మా, ఇంకా ఉన్నాయి! కప్ప, ఏనుగు, మళ్ళీ కప్ప!" అని ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. ఎన్ని తిన్నారని మా ఆవిడ అడగాల్సిన పని కూడా లేకపోయింది.

చెంచా బందైపోయింది. గాడిద ఇప్పుడు చక్కెర డబ్బా మూత మీద కూర్చుంటోంది. బుజ్జిది దాని మెడకి చిన్న గంట కట్టింది. నూనె మరి నేనే వేశానాయె, కాస్త కదిలితే చాలు గణగణలాడుతుంది.

నిన్న పొద్దున మూత మీద వేలు పెట్టానో లేదో, గంట మోగింది.

"ఎవరక్కడ?" పక్క గదిలోంచి మా ఆవిడ.

"ఎవరూ లేరు, గాడిద!" అన్నాను.

"ఏ గాడిద?" అంది.

నేను చేదు కాఫీ పట్టుకుని వసారాలోకి వచ్చేశాను.