కండువా కప్పుకున్న జవాబులు

"ఆర్నెల్లల్ల అమెరికా సెర్చ్ ఇంజన్‌కు డిపాజిట్ గూడ దక్కనియ్యం!" అని నీటిపారుదల మంత్రి మురళీధర్ గారు సూర్యాపేటలో ప్రకటించినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. అది 2012 వానాకాలం. ఎవరేం వెతకాలన్నా ఆ అమెరికావాడి గుమ్మమే తొక్కుతున్న రోజులు. వాడికి పోటీగా పుట్టిన మన సొంత సెర్చ్ ఇంజన్ పేరు 'జాడ'. దాని హెడ్డాఫీసు బస్టాండు ఎదుట ఉన్న నా ఇంటర్నెట్ సెంటర్. చప్పట్లు కొట్టకపోతే బాగుండదు కదా.

నీళ్ల మంత్రికి సెర్చ్ ఇంజన్ ఎందుకని కొందరు అజ్ఞానులు అడిగారు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లెప్పుడు వదులుతారని రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆయన ప్రాణం తోడేస్తున్నారు. తేదీ చెప్పడం ఏ గుమాస్తాకైనా చేతనవుతుంది. అడిగేవాళ్లకు ఏకంగా యంత్రమే పెట్టించడం నాయకుడికే చెల్లింది.

తొలి వారమంతా నేనూ జాడా ఈగలు తోలుకున్నాం. మంత్రిగారి కుడిభుజం, పార్టీ కార్యకర్త ఉపేందర్ మాత్రం బెదరలేదు. ఎన్నికలు చేసిన మనిషి. కోదాడ నుంచి లారీల్లో జనాన్ని దింపించి, తలా ఒక బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి, కంప్యూటర్ల ముందు లైను కట్టించాడు.

"ఏం వెతకాలండీ?" అన్నాడు ఒక కోదాడ పెద్దాయన.

"ఏదన్న వెతుకు తాతా. నొక్కుడే మన పని."

"నా పొట్లంలో లెగ్ పీసు లేదు బాబూ. అదెక్కడుందో కొట్టండి."

జాడ చాలాసేపు ఆలోచించి మంత్రిగారి ఫొటో చూపించింది.

హిట్లు పెరిగాయి కానీ ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. మంత్రిగారు పరేషాన్ అయ్యారు.

"జవాబులన్నీ గా అవతలోని దగ్గర్నే ఉన్నయ్ గదయ్యా!"

"ఉంటే ఏమాయె సార్? అవతలి పార్టీల గెలిచినోళ్లను మనం తెచ్చుకోలేదా? కండువా కప్పినంక అందరు మనోళ్లే."

ఉపేందర్ బుర్రకు దండం పెట్టాలనిపించింది నాకు. మర్నాటి నుంచి మా లోపలి గదిలో ఇద్దరు డిగ్రీవాళ్లు కూర్చున్నారు. జాడను ఎవరేం అడిగినా వాళ్లు అదే ప్రశ్న అమెరికావాడిని అడుగుతారు. వచ్చిన జవాబుకు చుట్టూ పార్టీ రంగు అంచు వేసి బయటికి పంపుతారు. ఇంత శుభ్రమైన ఫిరాయింపు నేనెక్కడా చూడలేదు. రాజీనామా అడిగే నాథుడే లేడు.

ఇక మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆవరణలో జాడ విజయోత్సవ సభ. వేదిక మీద పెద్ద తెర. "ఎవరన్న రాండ్రి, ఏదన్న అడుగుండ్రి!" అని మంత్రిగారు సవాలు విసిరారు. తండా నుంచి వచ్చిన మోతీబాయి మెట్లెక్కి మైకు అందుకుంది.

"సారూ, నా నారు ముదిరిపోతున్నది. ఇంకో వారమైతే పశులకు ఏసుడే. కాల్వకు నీళ్లెప్పుడొస్తయ్?"

మంత్రిగారు చిరునవ్వు చెదరనివ్వలేదు.

"నన్నెందుకు అడుగుడమ్మా? జాడను అడుగుదాం!"

ఉపేందర్ టకటకా కొట్టాడు. సూర్యాపేటలో మావాళ్లు అమెరికావాడిని అడిగారు. పార్టీ రంగు అంచుతో తెర మీద జవాబు వెలిగింది. మంత్రిగారు కళ్లద్దాలు పెట్టుకుని గంభీరంగా చదివారు.

"ఎడమ కాల్వకు నీళ్లు వదిలే తేదీని మంత్రి మురళీధర్ గారు మిర్యాలగూడ సభలో ప్రకటిస్తారు."

చప్పట్లు మోగిపోయాయి. మంత్రిగారు కూడా కొట్టారు.

"సూసిండ్రా! అమెరికోడు చెప్తడా గిట్ల?"

మోతీబాయి మైకు వదల్లేదు.

"మంచిగున్నది సారూ. మరి గా మంత్రి ఎప్పుడొస్తడట?"

మంత్రిగారు కళ్లద్దాలు తీయకుండానే వెనక్కి తిరిగారు.

"ఉపేందర్, గది గూడ కొట్టి సూడు."