తూకం తగ్గిన గుమస్తా

సోమవారం పొద్దున్న పళ్లు తోముకుంటూ మహేశ్వరరావు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈసారి బరువు తగ్గి తీరుతాడు. తగ్గుతున్నట్టు మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పడు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఇంతకుముందు రెండుసార్లు చెప్పి చూశాడు. మొదటిసారి పొద్దున్నే నడక మొదలుపెడితే భార్య కుమారి ఆ సంగతి వీధంతా చాటింది. నాలుగో రోజు బద్ధకించి పడుకుంటే పాలు పోసేవాడు కూడా "ఏటి గుమస్తాగారూ, ఇయ్యాల నడక నేదేటి?" అని పరామర్శించి వెళ్లాడు. రెండోసారి అన్నం మానేశానని ప్రకటిస్తే, ఇంటరు చదివే కూతురు దివ్య అతను తిన్న పకోడీలను పైకే లెక్కపెట్టింది. నలభై ఆరేళ్ల మనిషికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

ఇప్పుడు సిగ్గు కంటే పెద్దది భయం. పది రోజుల కిందట బెల్లం మార్కెట్టు దగ్గర ఎవరో వైద్యశిబిరం పెడితే, దారిలోనే కదా అని ఆగి పరీక్ష చేయించుకున్నాడు. అక్కడి కుర్ర డాక్టరు కాలేయానికి కొవ్వు పట్టిందన్నాడు. తొంభై నాలుగు కిలోల ఒంట్లోంచి పది కిలోలైనా దించమన్నాడు. రక్తం తీసుకుని, ఏమైనా తేడా ఉంటే ఫోను చేస్తామన్నాడు. తన ఫోను రిపేరులో ఉండటంతో మహేశ్వరరావు కుమారి నంబరు రాసి ఇచ్చి వచ్చాడు.

ఫోను బాగుపడి వచ్చాక అందులోని ఒక వీడియోలో ఎవరో ఒకాయన, రోజుకు ఎనిమిది వందల కేలరీలు తింటే చాలు, ఒళ్లు వెన్నలా కరిగిపోతుందని చెప్పాడు. ఎనిమిది వందలకే కరిగితే అయిదు వందలకు ఇంకెంత కరగాలి! ఇరవై రెండేళ్లుగా మార్కెట్టులో బెల్లం దిమ్మలు తూకం వేయించే గుమస్తా తను. తూకాల విషయంలో తన మాటకు తిరుగులేదని అతని నమ్మకం. పొద్దున్న ఒక్క ఇడ్లీ, మధ్యాహ్నం రెండు దోసకాయలు, గ్లాసుడు మజ్జిగ, సాయంత్రం ఒక పుల్కా. అంతే.

చిక్కల్లా కేరేజీతోనే వచ్చింది. కుమారి రోజూ మూడు గిన్నెల కేరేజీ కట్టి పంపుతుంది. నిండుగా వెనక్కి తెస్తే గుట్టు రట్టవుతుంది, పారబోయడానికి చేతులు రావు. అందుకని దిమ్మలు మోసే కళాసీ ఎర్రయ్యను గోడౌను వెనక్కి పిలిచాడు.

"ఇది తినీసి, గిన్నెలు కడిగి ఇచ్చీ. ఎవుళితోనూ అనకు."

ఎర్రయ్య మూత తీసి చూశాడు. వంకాయ కూర, పప్పు, పెరుగన్నం. "మరి మీరేటి తింతారు బాబూ?"

"నా సంగతి నీకెందుకురా?"

"నాకెందుకూ?" అని ఎర్రయ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

మొదటి వారం అద్భుతంగా గడిచింది. సరుకు దిగకముందే మహేశ్వరరావు చెప్పులు విప్పి, జేబులోని తాళాలు బల్ల మీద పెట్టి, బెల్లం కాటా మీదకు ఎక్కేవాడు. ఏడో రోజుకు తొంభై. పన్నెండో రోజుకు ఎనభై ఎనిమిది. చొక్కా వదులైంది, మెడ సన్నబడింది. కళ్లు తిరుగుతున్న మాట నిజమే. మధ్యాహ్నాలు చలివేసేది, ఎవరు పలకరించినా కోపం వచ్చేది. బెల్లం వాసన తగిలితే ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా కాటా మీద అంకె చూసుకుంటే అవన్నీ మరిచిపోయేవాడు.

ఇంటి దగ్గర కుమారి వేరే లెక్కలో ఉంది. కేరేజీ మెతుకు మిగలకుండా వస్తోంది. మనిషి మాత్రం రోజురోజుకీ ఆరిపోతున్నాడు. సరిగ్గా ఇలాగే, ఎనిమిదేళ్ల కిందట ఆమె మామగారు పెట్టిందల్లా తింటూ, బాగుందమ్మా అంటూనే చిక్కిపోయి మూడు నెలల్లో దాటిపోయాడు. జబ్బు పేరు తెలిసేనాటికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

"ఏవండి, ఒంట్లో ఎలాగుంది?" అని అడిగింది ఒక సాయంత్రం.

"బ్రహ్మాండంగా ఉంది."

"ఓసారి డాక్టరు కాడికి ఎల్దామా?"

"మొన్ననే సూపించుకున్నాను కదా, మార్కెట్టులో."

కుమారి చేతిలోని గరిటె ఆగిపోయింది. "నాకు సెప్పలేదే! ఏటన్నారు?"

కొవ్వు సంగతి చెబితే డైటింగు సంగతి, దాని వెనకే ఎర్రయ్య సంగతి బయటపడతాయి. మహేశ్వరరావు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "ఏటంతారు? ఏం లేదన్నారు," అన్నాడు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషికి మొగుడు అబద్ధమాడితే తెలియదా? కుమారి దివ్య గదిలోకి వెళ్లి, "ఉన్నట్టుండి మనిషి చిక్కిపోతే ఏం జబ్బో ఫోన్లో చూడవే," అంది. దివ్య చూసింది. మొదటి నాలుగు పేర్లు చదివేసరికే ఇద్దరూ ఏడుపు మొదలుపెట్టారు.

ఆ వారంలోనే మునగపాక నుంచి కొర్లయ్య బెల్లం తెచ్చాడు. మహేశ్వరరావుకు వరసకు అల్లుడు, ఆ ఊళ్లోనే ఉంటున్న అతని తల్లి మహాలక్ష్మమ్మకు పక్కింటివాడు కూడా.

"ఏటి మామా, ఇలాగయిపోనావు?"

పొగడ్త అనుకుని మహేశ్వరరావు మురిసిపోయాడు. తన తండ్రి బక్కపలచటి మనిషి. ఆ రూపం తనకూ వస్తోందన్న సంబరంలో, "ఏటున్నాదిరా, మా నాన్నకొచ్చిందే నాకూ వచ్చినాది," అన్నాడు.

కొర్లయ్య బెల్లం ధర కూడా అడగకుండా ఊరికి వెళ్లిపోయి, బండి దిగీదిగకముందే మహాలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, తాతకొచ్చినదే మామకీ వచ్చిందంట. మామే సెప్పినాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మహాలక్ష్మమ్మ మొదటి ఆటోలో అనకాపల్లిలో దిగింది. కొడుకు మెడ చూసింది, చొక్కా కాలరులోకి రెండు వేళ్లు పెట్టి చూసింది. పెరట్లోకి వెళ్లి నూతి గట్టున కూలబడింది. ఊళ్లో పనేమైనా ఉండి వచ్చిందేమో అనుకున్నాడు మహేశ్వరరావు. కానీ ఆ సాయంత్రం స్నానాలగదిలో నీళ్లు పోసుకుంటుంటే తల్లి గొంతు వినిపించింది.

"ఆడికి తెలీనీకు కుమారీ. ఉన్నన్నాళ్లు నవ్వుతా ఉండనీ."

"అలాగే అత్తా," అంటోంది కుమారి. తర్వాత వెక్కిళ్లు.

ఆడు దాస్తున్న జబ్బు మనకు తెలిసిపోయినట్టు ఆడికి తెలీనీకు అని ఆవిడ ఉద్దేశం. ఆ ముక్క స్నానాలగది దాకా రాలేదు. మహేశ్వరరావు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉన్నన్నాళ్లు! అప్పుడు గుర్తొచ్చింది, శిబిరంవాళ్లకు ఇచ్చింది కుమారి నంబరు. తేడా ఉంటే ఫోను చేస్తామన్నారు. చేశారన్నమాట.

అప్పటి నుంచి ప్రతిదానికీ అర్థం కనిపించడం మొదలైంది. పక్కింటి అప్పలనర్సమ్మ కమలాపళ్లు ఎందుకు తెచ్చిందో, షావుకారు ఎన్నడూ లేనిది "కుర్చీలో కూకో మహేశూ, కాటా ఇంకెవులైనా సూత్తారు" అని ఎందుకన్నాడో అర్థమైంది. పకోడీలు లెక్కపెట్టే కూతురు తన కాళ్ల దగ్గర కూర్చుని చదువుకోవడం ఎందుకో కూడా అర్థమైంది. కాటా కూడా పగబట్టింది. మూడో వారంలో ఎనభై ఏడున్నర దగ్గర సూది మొండికేసింది. ఇడ్లీ మానేసినా కదల్లేదు, పుల్కా మానేసినా కదల్లేదు. తిండి మానినా తగ్గడం లేదంటే లోపల ఏదో పెరుగుతున్నట్టే కదా అనుకున్నాడు. ఇక డైటింగుతో పని లేకపోయింది. తిందామన్నా ముద్ద దిగలేదు.

ఒకరోజు దివ్యను పిలిచాడు. ఏదో గొప్పగా చెప్పాలనుకున్నాడు గాని, నోటికి వచ్చింది ఒక్కటే. "అమ్మకి సైకిలు కూడా తొక్కడం రాదు. బండి నువ్వు నేర్చుకో. అమ్మని సూసుకో."

దివ్య వంటింట్లోకి పరుగెత్తింది. "అమ్మా, నాన్న మనకి అప్పగింతలు చెప్పేస్తున్నారే!"

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించారు. తిన్నవాళ్లు మాత్రం లేరు.

శనివారం పదిన్నరకు, మార్కెట్టు మాంచి రద్దీ మీద ఉండగా, మహేశ్వరరావు దిమ్మ బరువు చదవడానికి కాటా మీదకు వంగి ఇక లేవలేదు. బోర్లా పడిపోయాడు. ఎర్రయ్య అతన్ని దిమ్మను ఎత్తినట్టే భుజాన వేసుకుని ఆటోలో పడేసి, దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి చేర్చాడు. అరగంటలో కుమారి, మహాలక్ష్మమ్మ, దివ్య వచ్చిపడ్డారు. చేతికి సెలైను పెట్టుకుని కళ్లు తెరిచిన మహేశ్వరరావుకు, తన చుట్టూ నిలబడి ఏడుస్తున్న జనం కనిపించారు. ఇంత తొందరగానా అనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

పరీక్షలన్నీ చూసిన డాక్టరమ్మ కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "మీరేమో మామగారి జబ్బంటున్నారు. ఆ ఛాయలేవీ ఇందులో లేవు. ఈయన సరిగ్గా తింటున్నారా?"

కుమారికి పౌరుషం వచ్చింది. "తినకపోడమేటండి! నిన్న వంకాయ కూర, పప్పు, పెరుగు. మొన్న సందువా చేపల పులుసు. అటు మొన్న బెండకాయ వేపుడు, చారు. ఒక్క మెతుకు మిగల్చరు. కేరేజీ కడిగినట్టొత్తాది."

"మరి రక్తంలో చక్కెర ఇంత పడిపోయిందేంటి? రెండు మూడు రోజులుగా ఏమీ తినని మనిషిలా ఉన్నారు."

 గుమ్మం దగ్గర నిలబడ్డ ఎర్రయ్య తలపాగా విప్పి చేతుల్లో నలుపుకున్నాడు.

"కడిగినట్టు కాదమ్మా. కడిగే ఇచ్చినాను," అన్నాడు చివరికి. "తినీసింది నేను. మూడు వారాలయినాది. పులుసు మాత్రం శానా బాగుంటాదమ్మా."

అందరూ మంచం వైపు తిరిగారు. కళ్లు మూసుకుని ఉండటమే మేలనిపించింది మహేశ్వరరావుకు. డాక్టరమ్మ ఊరుకోలేదు. ఒక్కొక్క ప్రశ్నా వేసి, ఇడ్లీ నుంచి పుల్కా దాకా, ఫోనులో ఆయన నుంచి కాలేయం కొవ్వు దాకా అంతా బయటికి లాగింది. శిబిరంవాళ్లు ఎవరికీ ఫోను చేయలేదని కూడా అక్కడే తేలింది.

"నాలుగేళ్ల పిల్లకి కూడా మీరు తిన్నదానికి రెండింతలు కావాలి," అంది. "మొదటి వారంలో నాలుగు కిలోలు పోయాయని సంబరపడ్డారు కదా, అందులో చాలా మటుకు నీళ్లే. తర్వాత ఒళ్లు కరువొచ్చిందనుకుని, ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంది. మీ పొడుగుకీ పనికీ రోజుకి కనీసం పదిహేను వందల పైన కేలరీలు పడాల్సిందే. తింటూ తగ్గండి, నెలకి రెండు కిలోలు చాలు. మానేసి కాదు."

మహాలక్ష్మమ్మ కొడుకు దగ్గరికి వెళ్లి నెత్తి మీద ఒక్కటి మొట్టింది. తర్వాత అదే చోట చేత్తో రాసింది. "ఎదవా, జబ్బు లేదా నీకు?" అని అడిగింది. లేదమ్మా అన్నాడు. మళ్లీ అడిగింది.

అందరూ నవ్వుతూనో ఏడుస్తూనో ఉన్నారు గాని, కుమారి మాత్రం గోడకు ఆనుకుని అలాగే నిలబడి ఉంది. "అయితే ఏం లేదన్నమాట," అంది మెల్లిగా. అంటూనే గోడ వెంట జారి కిందకు కూలిపోయింది.

ఆమె సంగతి తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. నూకాలమ్మకు మొక్కుకుని ఒంటిపూట మొదలుపెట్టింది. తర్వాత ఆ ఒక్క పూటా సహించలేదు. రెండు వారాల్లో అయిదు కిలోలు తగ్గిపోయింది. అసలే తక్కువున్న రక్తం ఇంకా తగ్గింది. నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉంచాలంది డాక్టరమ్మ. సాయంత్రానికి మహేశ్వరరావును ఇంటికి వెళ్లవచ్చన్నారు. అతను వెళ్లలేదు. అతను లేచిన మంచం మీదకే దుప్పటి మార్చి ఆమెను పడుకోబెడితే, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.



"నేనంటే డైటింగు. నువ్వెందుకు తిండి మానీసేవు?" అన్నాడు, కోపంగా అనబోయి, దుప్పటి సర్దుతూ.

"నేను మానీలేదండి. దిగలేదు." కుమారి కప్పు వైపు చూస్తోంది. "మావయ్యకి ఆకరి మూడు నెల్లూ నేనే పెట్టేను. పెట్టిందల్లా తిన్నాడు. ఎంత తింటే అంత ఆరిపోనాడు. మీ కేరేజీ ఖాళీగా వచ్చినప్పుడల్లా నాకు ఆ కంచమే కనపడీది."

నాన్న ఆఖరి రోజుల్లో ఏం తిన్నాడో, ఎవరు తినిపించారో మహేశ్వరరావు ఎన్నడూ అడగలేదు. అప్పుడు బెల్లం సీజను. తను ఎక్కువగా మార్కెట్టులోనే ఉండేవాడు. ఇప్పుడు అడగాలనిపించింది, ధైర్యం చాలలేదు. క్యాంటీను నుంచి దివ్య తెచ్చిన ఇడ్లీలు మంచం అంచున చల్లారిపోతున్నాయి. ఒకటి తుంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ముందు మీరు తినండి," అంది కుమారి. "నేను సూడాల."

తిన్నాడు. నమిలి మింగేదాకా ఆమె కళ్లార్పకుండా చూసింది. తర్వాతే నోరు తెరిచింది.

ఆ తర్వాత మహేశ్వరరావు డాక్టరమ్మ రాసిచ్చినట్టు మూడు పూటలా తింటూ, సాయంత్రాలు భార్యతో కలిసి నడుస్తూ, మూడు నెలల్లో నిజంగానే ఆరు కిలోలు తగ్గాడు. ఎవరూ గమనించలేదు.