డీ లోపలికి వచ్చేసింది

డెబ్భై అయిదు మార్చిలో ఆ శనివారం పొద్దున్న శ్రీరామ్మూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి డ్యూటీ దిగి రావడం, ఇంత అన్నం తినడం, వరండాలో పడక్కుర్చీ వాల్చుకుని కౌలాలంపూరులో జరిగే ప్రపంచకప్పు హాకీ ఫైనలు రేడియోలో వినడం. నోరు మెదపకుండా వినడం.

కష్టమంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. ఆయన పని విశాఖపట్నం పోర్టులో, ఓడలకు జెండాలు చూపించే సిగ్నల్ స్టేషనులో. అక్కడ ఎంత నిశ్శబ్దమో ఇంట్లో రేడియో ముందు అంత గోల. మనవాళ్ళు పెనాల్టీ కార్నరు పోగొట్టినా అరుస్తాడు. పక్కవాడికి పాస్ ఇవ్వకుండా బంతిని చంకబిడ్డలా తిప్పుకున్నా అరుస్తాడు. అన్నిటికంటె కామెంటేటరు మీద ఎక్కువ అరుస్తాడు. కిందటి మ్యాచిలో గోలు పడబోతున్న క్షణాన హిందీ ఆయన, ఇక ఇంగ్లీషులో నా మిత్రుడు చెబుతాడంటూ మైకు అప్పగించాడు. ఇంగ్లీషు ఆయన ముందు అతిథులందరికీ పేరుపేరునా నమస్కారాలు పెట్టుకున్నాడు. శ్రీరామ్మూర్తి చేతిలోని కంచుగ్లాసు వెళ్ళి రేడియోకి తగిలింది. మీట ఊడి మంచం కిందికి పోయింది.

రేడియో ఆయనది కాదు. భార్య గౌరీశ్వరి బి.ఏ. పాసైనప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చినది.

"ఇంకొక్క కేక వినబడిందంటే ఇది ఎలమంచిలి ఎలిపోద్ది. మా తమ్ముడింట్లోనైనా బతికి బట్టకడతాది," అందావిడ, మీట బిగిస్తూ.

ఆ తమ్ముడు సన్యాసిరాజు ఫైనలు నాటి ఉదయమే గోనెసంచీ మడిచి చంకలో పెట్టుకుని దిగాడు.

"బావా, నువ్వేటీ మొగమాటపడకు. ఒక్క కేక ఎయ్యి. సాయంత్రం పాసింజరుకి నాను రేడియో అట్టుకుని ఎలిపోతాను."

"నీ సంచీ ఎలా వచ్చిందో అలాగే ఎల్తాది, రాజూ," అని శ్రీరామ్మూర్తి తువ్వాలు నోటికి అడ్డంగా కట్టి, వెనక ముడి వేసుకుని, కుర్చీలో వాలాడు. ఆ అవతారం కాసేపు చూసి, ఇక లాభం లేదనుకుని సన్యాసిరాజు చుట్ట కొనుక్కోవడానికి వీధిలోకి వెళ్ళాడు. గౌరీశ్వరి పెరట్లో బిందెలు తోముకుంటోంది.

అవతలివాళ్ళు మొదటి గోలు వేసినప్పుడు తువ్వాలు ఉబ్బింది గాని ఊడలేదు. తరువాత కామెంటేటరు గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పాడు. మబ్బుల రంగు చెప్పాడు. ఇక్కడ కూడా గాలి వీస్తూనే ఉంది. కొండవాలున ఉన్న ఆ క్వార్టర్సులో మధ్యాహ్నమంతా సముద్రం మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుంటుంది. కింద, ఓడలు రేవులోకి వచ్చే చానెల్లో, ఇనపరాయి ఎత్తుకోవడానికి పెద్ద ఓడ ఒకటి, తొందరేమీ లేనట్టు, లోపలికి వస్తోంది. ఆయన రెప్పలు కూడా అలాగే దిగాయి.

చానెల్లో నీళ్ళు పచ్చగడ్డి అయిపోయాయి. ఆటగాళ్ళు తెరచాపల్లా బనీన్లు ఉబ్బి చప్పుడు లేకుండా జారుతున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండ కొమ్మున కామెంటేటరు కోటు తొడుక్కుని కూర్చుని, మబ్బుల్ని ఒక్కొక్కదాన్నీ ఊరూపేరూ చెప్పి పరిచయం చేస్తున్నాడు. "బంతి ఎవరి దగ్గరుందయ్యా?" అని శ్రీరామ్మూర్తి బతిమాలాడు. "వాతావరణం బహు ఆహ్లాదకరం," అన్నాడాయన. ఈలోగా బంతి కొంగలా తేలుతూ వచ్చి మన గోలు ముందర వాలింది. కాపలాకి ఒక్కడు లేడు. తువ్వాలు జారిపోయింది.

"డీ! డీ! లోపలికొచ్చీసింది! అడ్డెల్లండ్రా, బేగి అడ్డెల్లండి! అయ్యో, అయిపోనాది!"

గోలు ముందు సున్నంతో గీసే అర్ధచంద్రాన్ని హాకీ వాళ్ళు ‘డీ’ అంటారు. పక్కింటి టగ్గుబోటు సరంగు అప్పలసూరి మాత్రం హాకీ మనిషి కాదు. పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. సిగ్నల్ స్టేషను ఉద్యోగి, చానెల్ కేసి తిరిగి కూర్చుని, ఓడ వచ్చే వేళ ‘ఢీ’ అని కేకపెడితే, అది ఏ ఆటలోని గీతో అని ఆగి ఆలోచించే సరంగు ఆ రేవులో పుట్టలేదు. సగం గడ్డంతోనే వాలు దిగి పరుగెత్తాడు.

"ఓలమ్మో, ఓడ ఢీ కొట్టీసింది! సీరామ్మూర్తి బాబు కల్లారా సూసినారు!"

వీధి కుళాయి దగ్గరకు చేరేసరికి ఓడలు రెండయ్యాయి. రిక్షాల దగ్గర అందులో ఒకటి చమురు ఓడ అయింది. పోర్టు గేటుకు చేరేసరికి రెండూ మునిగిపోవడం కూడా పూర్తయింది. ఫైరింజను గంట కొట్టుకుంటూ బయలుదేరింది.

ఆ గంటకి శ్రీరామ్మూర్తికి మెలకువ వచ్చింది. ఎదురుగా సన్యాసిరాజు, ఒక కాలికే చెప్పు.

"బావా, లెగు! రేవులో ఓడ ఢీ కొట్టిందట! ఊరంతా అక్కడే ఉన్నాది!"

ఫైనలు మధ్యలో ఉంది. అయినా ఉద్యోగం ఉద్యోగమే. శ్రీరామ్మూర్తి చొక్కా గుండీలు తప్పు పెట్టుకుంటూ, తాను కన్న కలను చూడడానికి తానే పరుగెత్తాడు.

రేవులో ఇనపరాయి ఓడ నిశ్చింతగా కట్టి ఉంది. దాని మీది విదేశీ నావికులు, తమకు ఏ రేవులోనూ ఇంత స్వాగతం జరగలేదన్నట్టు, చేతులూపుతున్నారు. పోర్టు అధికారి ఫ్రాన్సిస్ గారు నీళ్ళకేసి ఒకసారి, జనంకేసి ఒకసారి చూశాడు.

"ప్రమాదం చూసిందెవరు?"

ఒకరినొకరు వేలుపెట్టి చూపించుకోగా చూపించుకోగా వేళ్ళన్నీ అప్పలసూరి దగ్గర ఆగాయి. అతను సగం గడ్డం తుడుచుకుని శ్రీరామ్మూర్తిని చూపించాడు.

"ఈ బాబేనండి. ఢీ, ఢీ అని కేకెట్టినారు."

"నానా?" అన్నాడు శ్రీరామ్మూర్తి. అనగానే పచ్చగడ్డి, కొంగ, కోటు అన్నీ ఒక్కసారి జ్ఞాపకం వచ్చాయి.

"ఏం చూశారండీ మీరు?" అన్నాడు ఫ్రాన్సిస్.

"డీ అండి. ఓడ డీ కాదండి. హాకీ డీ అండి. కల్లోనండి."

జనం ముఖాలు వాడిపోయాయి. సన్యాసిరాజు ఒక్కడి ముఖం వెలిగింది.

"ఐతే అరిసినావన్నమాట బావా! ఊరంతా సాచ్చీకం!"

"సోమవారం సంజాయిషీ రాసివ్వండి," అన్నాడు ఫ్రాన్సిస్. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "స్కోరెంత?"

"తెలీదండి. నిద్దరోయినాను కదండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. "మీ ఇల్లెక్కడ?"

ముందు ఫ్రాన్సిస్, వెనక శ్రీరామ్మూర్తి, ఆ వెనక సంచీ దులుపుకుంటూ సన్యాసిరాజు, అతని వెనక చూడడానికి ఓడ దొరకని జనమంతా కొండవాలు ఎక్కారు. సగం మెట్లు ఎక్కేసరికే పైనుంచి ఒక కేక వినబడింది.

"బంతి సంగతి సెప్పవయ్యా మగడా! ఆ కొబ్బరిసెట్లు నాకెందుకు? నానేటి కాయలు కొనడానికి వచ్చినానా?"

వరండాలో గౌరీశ్వరి, ఒక చేత్తో సగం తోమిన బిందె పట్టుకుని, రెండో చేతిని రేడియో మీదికి చాచి నిలబడి ఉంది. అధికారిని చూసి కొంగు సర్దుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"గెల్చీసినామండి. రెండూ, ఒకటీ."

"మన గోల్స్ ఎలా పడ్డాయి?"

"ఆ మాట రేడియోలో ఆయన సెప్పితే కదండీ!" ఆవిడ గొంతు మళ్ళీ లేచింది. "పడినాక సెప్తాడు, పడ్డాయని!"

జనం చప్పట్లు కొట్టారు. సన్యాసిరాజు మాత్రం సంచీ మూతి తెరిచి పట్టుకున్నాడు.

"అక్కా, మాటంటే మాటే. బావ అరిసినాడు. కావాలంటే పోర్టునడుగు."

"నానూ ఇన్నాను. నిద్దట్లో అరిసింది అరుపేటిరా?" అని గౌరీశ్వరి రేడియోని ఒళ్ళోకి తీసుకుంది. "ఇది ఎక్కడికీ రాదు. వచ్చే మ్యాచిలో ఈ కొబ్బరిసెట్లాయన సంగతి తేల్చాలి నాను."

ఆ తరువాత రేడియో ముందు శ్రీరామ్మూర్తికి నోటికి తువ్వాలు కట్టుకోవలసిన అవసరం రాలేదు. ఆవిడ అరుస్తుండగా ఆయన గొంతు ఎవరికీ వినబడేది కాదు.