అదనపు గంట

"మా పాఠశాలలో చదవలేని విద్యార్థి ఒక్కరంటే ఒక్కరు కూడా లేరు!"

వార్షికోత్సవ సభలో ప్రిన్సిపాల్ గారు ఇలా ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. మూడో వరసలో నా పక్కన కూర్చున్న మా అమ్మాయి కూడా కొట్టింది. పదో తరగతిలో ఉండి, రెండు వాక్యాలు చదవడానికి పావుగంట తీసుకునే పిల్ల అది. ప్రిన్సిపాల్ గారి లెక్కన నా పక్క కుర్చీ ఖాళీ అన్నమాట!

ఆయన అబద్ధమాడారని నేననను. అలాంటి పిల్లలు లేకుండా చేయడానికి ఆయన పడే శ్రమ నాకు తెలుసు. తనిఖీ అధికారులు వచ్చే రోజు తెల్లవారగానే స్కూలు నుంచి ఫోనొచ్చేది.

"అమ్మా, మీ పాపకి ఇవాళ జ్వరం."

"లేదండీ, జడ వేయించుకుంటోంది."

"ఉందమ్మా. రిజిస్టర్లో రాసేశాం. రేపటికి తగ్గిపోతుంది లెండి."

అధికారుల కారు గేటు దాటగానే ఆ జ్వరం తగ్గిపోయేది. ఏ మందుకీ అంత గుణం లేదు!

మా అమ్మాయి ఒక్కసారి వింటే పాఠమంతా అప్పజెప్పేది. కుట్టుమిషను మొరాయిస్తే విప్పదీసి బాగుచేసేది. పుస్తకం తెరిస్తే మాత్రం "పై లైనులో మాట కిందికి దిగొచ్చి కూర్చుంటోందమ్మా" అని కళ్ళు నులుముకునేది. చివరికి ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండు రోజులు పరీక్షలు చేసి తేల్చింది.

"తెలివికేం లోటు లేదు. బద్ధకమూ కాదు. ఇది డిస్లెక్సియా. పబ్లిక్ పరీక్షలో ఇలాంటి పిల్లలకి గంట ఎక్కువిస్తారు. ప్రశ్నలు చదివి వినిపించే మనిషినీ ఇస్తారు. ఆ రెండూ ఉంటే గట్టెక్కుతుంది. లేకపోతే కష్టం."

సర్టిఫికెట్టు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి పరుగెత్తాను. స్కూలే అర్జీ పంపాలట మరి.

ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. "ఇది తీసుకుంటే మా బళ్ళో అలాంటి పిల్ల ఉన్నట్టవుతుందమ్మా."

"ఉంది కదండీ!"

"ఉంటే ఉండొచ్చు. రికార్డులో లేదు."

ఇంటికొస్తే మా తోటికోడలు గుమ్మంలోనే ఉంది. వాళ్ళ అబ్బాయీ అదే క్లాసు. ఎప్పుడూ అన్నే మార్కులు వస్తాయి కాబట్టి వాణ్ణి ఇంటిల్లిపాదీ 'తొంభై తొమ్మిది' అని పిలుస్తాం.

"ఏ తల్లయినా చేతులారా పిల్ల నుదుట ముద్ర కొట్టిస్తుందా?" అంది మా తోటికోడలు నా చేతిలో సర్టిఫికెట్టు చూసి, ముక్కు మీద వేలేసుకుని. "ఒకే ఇంటిపేరాయె. హాజరు పట్టీలో పక్కపక్కనే ఉంటారు. మా వాడికీ అంటుకుందనుకోరూ జనం?"

"అంటుకునేది కాదక్కయ్యా."

"నీకేం తెలుసు? పరువనేది ఒకటుంటుంది!"

ఆ పరువు సరిగ్గా మూడు వారాలుంది. తర్వాత ఒక వార్త పొక్కింది. పక్క స్కూల్లో కిందటేడు ఎవరో ఫస్టు ర్యాంకు పిల్లాడు ఇలాంటి సర్టిఫికెట్టే సంపాదించి, ఆ అదనపు గంటలో జవాబులన్నీ రెండోసారి సరిచూసుకుని, నూటికి నూరూ కొట్టేశాడట!

ఆ సాయంత్రమే మా తోటికోడలు నట్టింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"చెల్లీ, ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందే?"

"ఎవరికక్కయ్యా?"

"మా వాడికే. ఆ ఒక్క మార్కూ ఎందుకు పోతోందా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. రోగం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడమ్మా నా తండ్రి!"

డాక్టరమ్మ ముందు తొంభై తొమ్మిది గడగడా చదివేశాడు. ఆవిడ నవ్వి పంపేసింది. మా తోటికోడలు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. వాణ్ణి రెక్కపుచ్చుకుని తిన్నగా మా ఇంటికి తెచ్చి, మా అమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టింది.

"అన్నయ్యకి నీ తప్పులు నేర్పవే. వారం రోజులు చాలు. ఎంత గట్టి పాఠమైనా పట్టేస్తాడు."

"అవి నేర్చుకుంటే వచ్చేవి కావు పెద్దమ్మా," అంది మా అమ్మాయి.

"గొప్ప విద్యే మరి! దాచుకోకు."

వారం పాటు తప్పుల ట్యూషను సాగింది. మూడో రోజుకే మా అమ్మాయి తల పట్టుకుంది.

"అమ్మా, వీడితో నావల్ల కాదు. ఒకసారి రాసిన తప్పునే ప్రతిసారీ రాస్తున్నాడు. మధ్యలో ఒకటి ఒప్పు వస్తే కొట్టేసి మళ్ళీ తప్పు రాస్తున్నాడు. గీత కూడా స్కేలు పెట్టి గీస్తున్నాడు!"

అయినా పని జరిగింది. ఇంకో వీధిలో ఇంకో డాక్టరున్నాడు. పది నిమిషాల్లో పరీక్ష, పదకొండో నిమిషంలో సర్టిఫికెట్టు. నెల తిరిగేసరికి స్కూల్లో మొదటి పన్నెండు ర్యాంకుల వాళ్ళూ డిస్లెక్సియా బాధితులైపోయారు. ప్రిన్సిపాల్ గారు పన్నెండు అర్జీలూ స్వయంగా సంతకం చేసి పంపారు. మా అమ్మాయిది తప్ప!

నేను వెళ్ళి టేబులు గుద్ది అడిగాను. ఆయన జాలిగా చూశారు.

"కోప్పడకండమ్మా, ఆలోచించండి. చదవలేని పిల్లకి గంట ఎక్కువిచ్చి ఏం లాభం? సద్వినియోగం చేసుకునేవాళ్ళకిచ్చాం."

అక్కడ నోరు నొప్పెట్టడమే తప్ప ఫలితం లేదని, పరీక్షల ఆఫీసు మెట్లెక్కాను. నాలుగు రోజులు బల్ల దగ్గర నించుంటే, ఐదో రోజు గుమాస్తా విసుగెత్తి పదమూడో పేరు రాశాడు.

పరీక్ష రోజు ప్రత్యేక గదిలో పదమూడు మందినీ కూర్చోబెట్టారు. చదివి వినిపించడానికి రిటైరైన మాస్టారొకాయన్ని వేశారు. తర్వాత మా అమ్మాయి చెప్పింది అక్కడ జరిగిందంతా. మాస్టారు పాపం గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న అందుకున్నారో లేదో, పన్నెండు తలలు లేచాయి.

"సార్, చదవకండి! డిస్టర్బెన్స్!"

"చదవడానికే కదయ్యా నన్ను వేసింది?"

"మేం పేపరంతా ఎప్పుడో చదివేశాం సార్!" అన్నాడు తొంభై తొమ్మిది.

మా అమ్మాయి చెయ్యెత్తింది. "నాకు చదవండి సార్. నాకు కావాలి."

పర్యవేక్షకుడు న్యాయం తెలిసినవాడు. ఒక్కదాని కోసం పన్నెండు మందిని బాధపెట్టడం ధర్మం కాదన్నాడు. మా అమ్మాయి బెంచీని వరండాలోకి, పిల్లల చెప్పుల పక్కకి జరిపించాడు. మాస్టారు మాత్రం తన కుర్చీ తనే మోసుకుని దాని వెనకాలే వెళ్ళారట.

నేను గేటు దగ్గరే నించున్నాను. అదనపు గంట కూడా అయిపోయాక, అందరికంటే చివర వచ్చింది మా అమ్మాయి. వేళ్ళ నిండా సిరా.

"అన్నీ రాశానమ్మా! మాస్టారు ప్రతి ప్రశ్నా రెండేసిసార్లు చదివారు."

దాన్ని దగ్గరికి తీసుకునేలోగా పర్యవేక్షకుడు ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. సంతకం కావాలట. పక్కనే పాల ఫ్లాస్కుతో కొడుకు నుదురు తుడుస్తున్న మా తోటికోడలు ఇటు చెవి వేసింది.

"ఏం రాశారమ్మా? చదువు," అంది మా అమ్మాయి.

చదివాను. "ఒక విద్యార్థిని ప్రశ్నలు చదివించుకొనుట వలన, ప్రత్యేక గదిలోని చదవలేని విద్యార్థుల పఠనమునకు అంతరాయము కలిగినందున, సదరు విద్యార్థినిని బయటికి పంపడమైనది."

మా అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది.

"మళ్ళీ చదువమ్మా. ఈసారి పెద్దమ్మకి బాగా వినిపించేలా."

గొంతు పెంచి, మళ్ళీ చదివాను.